పర్సు కుట్టుకుందామని కూర్చుంటే: ఐదు వారాల డైరీ

మొదటి శనివారం

పెళ్ళిలో మా బావమరిది పెట్టిన పర్సు ఇది, 2011 నాటిది, మొన్న వానల్లో తడిసి ఆరాక మడత దగ్గర నల్లగా పొట్టు రాలడం మొదలైంది, ప్యాంటు జేబు నిండా మినప్పొట్టులాగా అదే. లోపల మాత్రం బంగారు అక్షరాలతో జెన్యూయిన్ లెదర్ అని ముద్ర ఇంకా మెరుస్తూనే ఉంది. మా ఆవిడ పారేసి ఇంకోటి కొనుక్కోమంది. నేను పారేసే ముందు ఓసారి కోసి చూద్దాం అనుకుని బ్లేడు తీసుకుని కూర్చున్నా, అక్కడే మొదలైంది ఈ పిచ్చి అంతా.

పైన రాలేదంతా తోలు కాదు, పీయూ పూత. ప్లాస్టిక్ పొర. దాన్ని గోటితో లాగితే షీటులా ఊడొచ్చింది, కింద నూగు నూగుగా ఉన్న పల్చటి తోలు. దీన్నే స్ప్లిట్ అంటారు. పశువు చర్మం మందంగా ఉంటుంది కదా, దాన్ని మెషీన్లో అడ్డంగా చీలుస్తారు, పై పొరలో నారలు దగ్గరగా బిగిసి ఉంటాయి, అది గ్రెయిన్, గట్టిదనం అంతా దాంట్లోనే, కింద పొరలో నారలు వదులుగా ఉంటాయి, దానికి పైన పూత పూసి గ్రెయిన్ డిజైను అచ్చు కొడితే మన చేతికి పర్సులా వస్తుంది. కాబట్టి ఆ ముద్ర అబద్ధం కాదు, తోలే, కాకపోతే పాలు అని చెప్పి మజ్జిగ పోశాడు.

ఇంకా లోపలికి వెళ్తే కార్డు అరలు. పైకి కనిపించే అర అంగుళం మాత్రమే తోలు, కింద మిగతాదంతా పల్చటి గుడ్డ. ఇక్కడ మాత్రం నేను తిట్టింది తప్పు, అది తర్వాత తెలిసింది. మూడు అరలు ఒకదాని మీద ఒకటి పూర్తి తోలుతో వేస్తే పర్సు ఇటుకంత అవుతుంది, అందుకే ఖరీదైన వాటిలో కూడా కింద భాగం సన్నం చేస్తారు లేదా గుడ్డ పెడతారు. అరని ఇంగ్లీషు టీ అక్షరంలా కోస్తారు, పైన వెడల్పు, కింద ఇరుకు, పక్కల కుట్టులో ఒక్క తోలు మందమే పడేట్టు.

కుట్టు మాత్రం నిజంగానే నాసిరకం. ఒక దారం తెంచి లాగితే వరస మొత్తం సర్రున ఊడొచ్చింది. మెషీన్ కుట్టులో పై దారం ఒకటి, కింద దారం ఒకటి, మధ్యలో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, ఒకటి తెగితే రెండోదానికి పట్టు పోతుంది.

పారేసే ముందు కొలతలు రాసుకున్నా. తెరిస్తే 232 మి.మీ. వెడల్పు, ఎత్తు 92. ఈ 92 ఎందుకా అని కాసేపు ఆలోచించా. మనకి గుర్తుండే ఉంటుంది, పాత వెయ్యి నోటు 177 × 73, పాత ఐదొందలు 167 × 73. 2016 నవంబరు 8 తర్వాత వచ్చిన కొత్త ఐదొందలు 150 × 66. అంటే ఈ పర్సు ఇప్పుడు చలామణిలో లేని నోటుకి కుట్టింది! నోటు 7 మి.మీ. పొట్టిదైంది, పర్సులు మాత్రం అలాగే ఉండిపోయాయి. సరే, నాది చిన్నగా కుట్టుకుంటా అని అప్పుడే అనుకున్నా. (ఈ మాట గుర్తుపెట్టుకోండి.)

ఆదివారం, ఊరికే చదివినవి

అసలు మన తాతలకి పర్సు ఎందుకు లేదో నాకు ఇవాళ తట్టింది. పంచెకి జేబుండదు. డబ్బంటే నాణేలు, వాటిని రొండిన దోపుకోవడమో, నడుముకి జాలె కట్టుకోవడమో, లేదంటే వక్కాకు సంచిలోనే ఓ అర. మన దగ్గర ప్రభుత్వ నోట్లు 1861 చట్టంతోనే మొదలు. నాణేలకి సంచి కావాలి, కాగితానికి మడత కావాలి, అంతే తేడా. పర్సు అనే వస్తువు పుట్టాలంటే కాగితం డబ్బూ ఉండాలి, దాన్ని పెట్టుకోడానికి కుట్టిన జేబూ ఉండాలి.

తెల్లవాళ్ళ దగ్గరా అంతే కథ. ఒకప్పుడు బెల్టుకి వేలాడే తిత్తి, తర్వాత బట్టల్లోనే జేబులొచ్చి అది లోపలికి పోయింది. కోటు లోపలి జేబులో పెట్టుకునే పొడుగు పర్సులు వచ్చాయి, నోటు మడవకుండా పడుకోబెట్టేవి. అమెరికాలో 1929 దాకా నోటు 79 మి.మీ. ఎత్తు ఉండేది, ఆ ఏడాది కోసి 66 చేశారు. తర్వాత 1950లో న్యూయార్క్‌లో డైనర్స్ క్లబ్ కార్డు వచ్చింది, మొదట్లో అది అట్టముక్కే, ఆ తర్వాత ప్లాస్టిక్ కార్డులు పెరిగేకొద్దీ పర్సు లోపల అరలు పెరిగాయి. ఇప్పుడు ప్రపంచంలో ఏ బ్యాంకు కార్డైనా 85.6 × 53.98 మి.మీ., మందం 0.76, ఐఎస్ఓ వాళ్ళ లెక్క. నా టేబుల్ మీద స్కేలు పెట్టి కొలిచా, కరెక్టే.

రకాలు చెప్పాలంటే మధ్యకి మడిచేది బైఫోల్డ్, మూడు భాగాలుగా మడిచేది ట్రైఫోల్డ్ (నాకు నచ్చదు, ఉబ్బిపోతుంది), కోటుకి పొడుగుది, గొలుసుతో బెల్టుకి తగిలించుకునే లారీ డ్రైవర్ల మోడల్, ఒట్టి కార్డులకి కార్డ్ హోల్డర్, నోట్లకి క్లిప్పు. చిల్లర జేబున్నవి జపాన్, యూరప్‌లలో ఎక్కువ, అక్కడ నాణెం అంటే విలువ ఉంది. నేను బైఫోల్డే. వెనక జేబులో మాత్రం పెట్టను, మా మేనేజర్‌కి పర్సు మీద కూర్చుని కూర్చుని తుంటి నుంచి కాలిదాకా నొప్పి, దానికి ఫ్యాట్ వాలెట్ సిండ్రోమ్ అని పేరు కూడా ఉందట.

రెండో వారం: తోలు

ఫ్రెండొకడు చెన్నై వెళ్తున్నాడంటే పెరియమెట్‌లో తోళ్ళ షాపుల దగ్గర ఆగమని బతిమాలా. తోలు చదరపు అడుగుల్లో అమ్ముతారు, మీటర్లలో కాదు, ఎందుకంటే చర్మానికి నలుచదరం ఉండదు, మెడా కాళ్ళూ పొట్టా అన్నీ కలిపి మెషీన్లో కొలిచి వెనక రాస్తారు. వాడికి నేను చెప్పింది రెండు ముక్కలు: వెజిటబుల్ టాన్డ్ గేదె తోలు, భుజం భాగం, 1.2 మి.మీ., ఇంకా లోపలికి మేక తోలు, 0.8. పొట్ట దగ్గరిది వద్దని మరీ మరీ చెప్పా, అది సాగుతుంది.

వెజిటబుల్ టాన్ అంటే కూరగాయలు కాదు (మా ఆవిడ నిజంగానే అడిగింది), చెట్టు బెరడు. బెరడులో వగరు ఉంటుంది కదా, ఆ టానిన్లు చర్మంలో ప్రొటీన్‌ని పట్టుకుని కుళ్ళకుండా చేస్తాయి. మన వైపు ఎప్పట్నుంచో తంగేడు చెక్క, కరక్కాయ, తుమ్మ చెక్క. తంగేడు అంటే బతుకమ్మలో పేర్చే పువ్వే, తెలంగాణ రాష్ట్ర పుష్పం, దాని బెరడుతోనే దక్షిణాదిలో తోళ్ళు పదును చేసి ఓడలెక్కించారు, ఇప్పటికీ తమిళనాడులో ఈస్ట్ ఇండియా లెదర్ అని జీఐ గుర్తింపు ఉన్న సరుకు ఆ బాపతే. ఈ పద్ధతికి వారాలూ నెలలూ పడుతుంది. క్రోమ్ పద్ధతైతే (బెరడు బదులు క్రోమియం ఉప్పులు) ఒకట్రెండు రోజులు, 1858లో జర్మనీలో క్నాప్ అనే ఆయన కనిపెట్టాడు, 1884లో అమెరికాలో షుల్ట్జ్ పేటెంటు తీసుకున్నాక వ్యాపారం అంతా అటు తిరిగింది. ఇవాళ మార్కెట్లో ఎక్కువ శాతం తోలు క్రోమే. మెత్తగా ఉంటుంది, నీళ్ళకి తట్టుకుంటుంది, రంగులు బాగా పడతాయి. అది చెడ్డదని నేననను, షూకి, బ్యాగుకి భేషుగ్గా ఉంటుంది. చేత్తో కుట్టే పర్సుకి మాత్రం దాని అంచు సానదేరదు, రుద్దినకొద్దీ నూగు లేస్తుంది.

ఫ్రెండు తెచ్చాడు. వచ్చిన వెంటనే టెస్ట్ చేశా: ఓ మూల కోసి అడ్డకోత చూస్తే లోపలంతా గోధుమ రంగే (క్రోమ్ అయితే మధ్యలో నీలిబూడిద గీత కనబడుతుంది), ఓ నీటి చుక్క వేస్తే పీల్చుకుని ముదురు మచ్చ పడింది, ఆరాక పోయింది. గేదె తోలు గ్రెయిన్ ఆవు తోలు కంటే కాస్త ముతక, అక్కడక్కడా ముళ్ళ గీతలు, ఒక చోట గోమారి కుట్టిన మచ్చ. దాన్ని పారేయకుండా బయటి ముక్కలో కనపడేట్టే పెట్టుకున్నా. మేక తోలు మాత్రం చేతికే హాయిగా ఉంది, సన్నగా కోసినా చిరగదు.

మూడో వారం: కాగితం మీద పర్సు

తోలు మీద పెట్టే ముందు అట్టతో చేయాలి, ఈ ఒక్క సలహా అందరూ ఇస్తారు, నేనూ ఇస్తా.

లెక్క ఇది. వెడల్పుని నోటు నిర్ణయిస్తుందనుకున్నా, కాదు, కార్డు నిర్ణయిస్తుంది! కార్డు అడ్డంగా 86, అటూ ఇటూ కుట్టుకి 3.5 చొప్పున 7, కార్డు జారడానికి 3, మొత్తం 96. ఎడమొకటి కుడొకటి 192, మడతకి మధ్యలో 8, మొత్తం 200. నోటు 150 కాబట్టి హాయిగా పడుకుంటుంది. ఎత్తు మాత్రం నోటుది. కొత్త నోటు 66, కింద కుట్టుకి 4, పైన వదులు 4, మొత్తం 74.

ఇంటర్నెట్‌లో దొరికిన ఫ్రీ టెంప్లేట్ ఒకటి అమెరికా వాడిది, ఎత్తు 76 ఉంది. డాలర్ నోటు కూడా 66 ఎత్తే కదా, 156 × 66, మన కొత్త నోట్లు ఐదొందలూ రెండొందలూ వందా అన్నీ 66 ఎత్తే, కాబట్టి వాళ్ళ టెంప్లేట్లు మనకి అతికినట్టు సరిపోతున్నాయి. నేనింకో రెండు తగ్గించి గర్వపడ్డా. కార్డు అరలు ఒక్కో వైపు రెండే పడతాయి: కింద కుట్టుకి 4, దాని మీద కింది కార్డు 54, రెండోది 12 పైకి జరిపితే పై అంచు 70 దగ్గర, 74లో సరి. మూడోది పెడితే 82, బయటికొస్తుంది. నాకు నాలుగు కార్డులు చాలు, ఆధార్‌తో కలిపి.

కోశా. బయటి ముక్క 200, లోపలి ముక్క 200. ఇక్కడ మొదటి బొక్క. అట్టతో చేసినప్పుడు అట్ట పల్చగా ఉంది కాబట్టి తెలీలేదు, తోలుతో మడిచేసరికి లోపలి ముక్క మధ్యలో బుడగలా ఉబ్బింది. మడతలో బయటి పొర ఎక్కువ దూరం తిరగాలి, లోపలిది తక్కువ. లోపలి ముక్క 7 మి.మీ. చిన్నగా ఉండాలి. అంటే పర్సుని తెరిచి బల్ల మీద పెడితే పూర్తిగా చదునుగా పడుకోకూడదు, కాస్త మూసుకుంటున్నట్టే ఉండాలి. కొనే పర్సులన్నీ అలాగే ఉంటాయి, ఇన్నేళ్ళు వాడి ఒక్కసారి గమనించలేదు. మేక తోలు ఒక ముక్క నష్టం.

అంచులు కలిసే చోట మందం తగ్గించడానికి చెక్కాలి, దీన్ని స్కైవింగ్ అంటారు. కత్తికి పదును లేకపోతే తోలు సాగుతుంది, పదునుంటే వెన్నలా చీరుతుంది. నేను కత్తికి పదును పెట్టుకోడానికి పట్టిన టైములో అసలు పని సగం అయ్యేది. రెండు చోట్ల చిల్లు పెట్టేసి మళ్ళీ కోసుకున్నా.

నాలుగో వారం: కుట్టు

పావురపు ముక్కులాంటి పళ్ళున్న చిజెల్ పెట్టి సుత్తితో కొడితే 4 మి.మీ. దూరంలో ఒకేసారి ఆరు రంధ్రాలు పడతాయి. మూడు వైపులా కుట్టు: 74, 74, 200, కలిపి 348, అంటే ఇంచుమించు 87 రంధ్రాలు. దారం కుట్టు పొడవుకి నాలుగింతలు తీసుకోమంటారు, మీటరున్నర తీసుకున్నా, మైనం పట్టిన పాలిస్టర్ దారం 0.6.

శాడిల్ స్టిచ్ అంటే ఒకే దారం, రెండు చివర్లా రెండు సూదులు. ప్రతి రంధ్రంలోంచి రెండు సూదులూ దాటతాయి, ఒకటి ఇటు నుంచి, ఒకటి అటు నుంచి. ఒక చోట తెగినా రెండో దారం పట్టుకునే ఉంటుంది, ఆ పాత పర్సులాగా సర్రున ఊడదు. చెప్పడం తేలిక. మొదటి ముప్పై కుట్లు వంకర టింకర, ఎందుకంటే ప్రతిసారీ ఒకే సూది ముందు వెళ్ళాలి, రెండోది దాని వెనకవైపు నుంచి, నేను టీవీ చూస్తూ మారుస్తూ పోయా. విప్పి మళ్ళీ మొదలెట్టా.

మా వీధి చివర చెప్పులు కుట్టే పెద్దాయన ఉన్నాడు, ఆయన దగ్గరికి పట్టుకెళ్ళి చూపించా. చేత్తో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

"చెక్క తోలే సార్, గానీ తంగేడుది గాదు."

వాటిల్ అని చెన్నై షాపువాడు ఫ్రెండుకి చెప్పిన మాట నిజమే, తుమ్మ జాతిదే ఆస్ట్రేలియా చెట్టు, దాని బెరడు సారం. నేను నోరు తెరిచి చూస్తున్నా.

"నీకెలా తెల్సు పెద్దాయనా?"

"మా నాయిన ఊర్ల లంద పెట్టేటోడు. తంగేడు చెక్క నేనే కొట్టుకొచ్చేటోన్ని చిన్నప్పుడు. వాసన యాడ మర్చిపోతం."

లంద అంటే తోళ్ళు నానబెట్టే గుంత. ఆ పని గురించి ఇంకేమీ చెప్పలేదు, నేనూ అడగలేదు, ఊరి బయట ఉంచిన పని అది, ఆ వాసన నాకు ఫ్యాన్సీగా ఉండొచ్చు, ఆయనకి అలా ఉండాల్సిన అవసరం లేదు. నా రెండు సూదులు చూసి మాత్రం నవ్వాడు. ఆయనది ఒకే ఆరె, మొనకి చిన్న కొక్కెం గాటు, పైనుంచి గుచ్చి కింద దారాన్ని కొక్కేనికి తగిలించి పైకి లాగి, ఆ ఉచ్చులోంచి రెండో దారం దూర్చి బిగించాడు. చూస్తుండగానే నా వేస్టు ముక్క మీద పది కుట్లు, నాకు పది నిమిషాల పని. చూడ్డానికి నాకంటే తిన్నగా ఉన్నాయి. నాది బలం ఎక్కువ అని నేను సమర్థించుకున్నా. ఆయన "బలం కావాల్నంటే నైలాన్ దారం పెట్టుర్రి, గీ సన్నం దారం చెప్పుకైతే వారం ఆగదు" అన్నాడు. పర్సుకి నడవదు కదా అన్నా.

అంచు పని

ఇదే అన్నిటికంటే ఓపిక పని, కానీ చేత్తో చేసిన పర్సు అని తెలిసేది ఇక్కడే. ముందు బెవెలర్‌తో రెండు వైపులా మూల కొట్టేసి గుండ్రం చేయడం, 400 గరుకు కాగితం, తర్వాత 800, నీళ్ళతో తడిపి చెక్కతో రుద్దడం. వేడికి నారలు ఒకదానికొకటి అతుక్కుని అద్దంలా అవుతాయి. టోకోనోల్ అని జపాన్ జిగురు వాడతారు, నేను ముందు తెలివిగా తుమ్మబంక నానబెట్టి వేస్టు ముక్క మీద ట్రై చేశా, మెరిసింది కానీ మర్నాడు చేతికి బంకబంకగా తగులుతోంది. చివరికి టోకోనోలే కొన్నా. రుద్దడానికి చెక్క స్లిక్కర్ బదులు అప్పడాల కర్ర పిడి వాడా, ఇప్పుడు ఇంట్లో రెండు అప్పడాల కర్రలు ఉన్నాయి, ఒకటి నాది.

రంగు వేయలేదు. మూడు రోజులు మధ్యాహ్నం డాబా మీద ఎండలో పెట్టా, అటు తిప్పి ఇటు తిప్పి, పాలిపోయిన బియ్యప్పిండి రంగు నుంచి లేత తేనె రంగుకొచ్చింది. వెజిటబుల్ టాన్ ఎండకీ, చేతి నూనెకీ ముదురుతూ పోతుంది. నీట్స్‌ఫుట్ ఆయిల్ (పశువుల కాళ్ళ నుంచి తీసే నూనె) ఒక్క గుడ్డ తడి మాత్రం రాశా. కొబ్బరినూనె రాయమని మా అత్తగారి సలహా, మచ్చలు పడతాయని భయపడి రాయలేదు, ఆవిడకి మాత్రం రాశాననే చెప్పా.

ఐదో శనివారం

పర్సు జేబులో పెట్టుకుని మార్కెట్‌కెళ్ళా. ముందు జేబు, మందం పాత దాంట్లో సగం. ఆకుకూరలామెకి రెండొందలిస్తే మిగతా చిల్లర ఇచ్చింది, అందులో ఒక వంద. నోటు పెట్టుకుని మడిచా, పైన ఏదో తగులుతోంది. చూస్తే గాంధీగారి తల పైన తెల్ల అంచు, మూడు మి.మీ. బయటికి, పర్సు నోరు తెరుచుకుని.

పాత వంద! ఐదొందలూ వెయ్యీ రద్దయ్యాయి కానీ పాత వంద రద్దు కాలేదు కదా, అది 157 × 73, ఇంకా బజార్లో తిరుగుతూనే ఉంది. పాత యాభై కూడా 73 ఎత్తే. నేను ఏటీఎం నుంచి తెచ్చిన కొత్త నోట్లే పెట్టి చూసుకుని మురిసిపోయా. డాలర్లు ఎన్నేళ్ళనుంచో ఒకటే సైజు కాబట్టి అమెరికా వాడికి ఈ తిప్పలు తెలియవు.

ఇంటికొచ్చి మళ్ళీ అట్ట తీశా. 73, కింద కుట్టుకి 4, వదులు 7, మొత్తం 84. ఇలా పెంచితే మూడో కార్డు అర కూడా పడుతుంది, 82కి పై అంచు, లోపలే. నవ్వొచ్చింది, పాత పర్సు 92 పెట్టిన వాడిని తిట్టా కదా, వాడు నాకంటే 8 మి.మీ. మాత్రమే ఎక్కువ పెట్టాడు.

మొదటి పర్సు మా తమ్ముడికి ఇచ్చేశా, వాడు ఇడ్లీ బండి దగ్గర కూడా ఫోన్ చూపించే రకం, నోట్లు ముట్టి ఎన్నాళ్ళయిందో, వాడికి సరిపోయింది. రెండోదానికి గేదె తోలు భుజం ముక్క ఒకటి మిగిలింది, 205 × 90 వస్తుందో రాదో ముళ్ళ గీతలు తప్పించి గీసి చూడాలి, మేక తోలు మాత్రం మళ్ళీ తెప్పించాలి. ఫ్రెండు దీపావళికి చెన్నై వెళ్తాడట.